పదిహేడో నంబరు హాజరు

చెల్లికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ వార్డులో మంచాల మీదున్నవాళ్ళందరూ బాగుండాలని అమ్మ రోజూ అంటోంది. వాళ్ళందరూ బాగుంటే ఇంక ఆస్పత్రి ఎందుకే అని నేనంటే, నోరు మూసుకోమంది. కాబట్టి అమ్మ ఆరోగ్యానికి ఢోకా లేదని నువ్వు గ్రహించవచ్చు.

నీ ఉత్తరం మొన్న అందింది. ఇరవై రెండు రోజులు ప్రయాణం చేసి, ఒక మూల తడిసి, మరో మూల ఎవరిదో టీ మరకతో వచ్చింది. యుద్ధం మొదలైన నాలుగో రోజున ఆకాశంలో ఉపగ్రహాలు కూలాయి, చేతుల్లో ఫోన్లు చచ్చాయి. ఇప్పటికీ బతకలేదు. నీ చేతిరాత ఎలా ఉంటుందో నీ పెళ్ళయ్యాక నేను మరిచేపోయాను. ఇప్పుడు కవరు మీద అక్షరాలు చూడగానే గుండె ఝల్లుమంటోంది.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. ఇరవై ఆరేళ్ళు పిల్లల చరిత్ర పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, ప్రశ్న వదిలేస్తే మార్కులు పోతాయని నాకు తెలుసు.

అమ్మ కుడికంటికి ఆపరేషన్ అయింది. గుడారాల ఆస్పత్రిలోనే, వరసలో నిలబెట్టి చేశారు. ఎడమది వచ్చే నెల. ఇన్నాళ్ళూ చూపు మసగ్గా ఉండి నా ఇల్లు శుభ్రంగా ఉందనుకుంది. కట్టు విప్పిన సాయంత్రం నుంచి మూలమూలా బూజు చూపిస్తోంది. చెవులు మాత్రం అలాగే ఉన్నాయి. సైరన్లు మోగినన్నాళ్ళూ ఈ ఊళ్ళో కంటినిండా నిద్రపోయిన మనిషి తనొక్కతే.

కరెంటు పగలు నాలుగు గంటలు ఇస్తున్నారు. ఊళ్ళో గాజు అన్నది లేదు. కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ పట్టాలు మేకులతో కొట్టుకున్నాం. గాలి వేస్తే వీధి వీధంతా టపటపలాడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు. మేం మాత్రం టీ తాగుతూనే ఉంటాం.

స్కూలు తెరిచారా అనడిగావు. తెరిచారు, స్కూలు భవనంలో కాదు. బీరువాలూ మంచాలూ అమ్మేవాళ్ళ గిడ్డంగి ఒకటి నిలిచి ఉంటే అందులో పెట్టారు. ఒకే హాల్లో మూడు తరగతులు, మధ్యలో అడ్డంగా అమ్ముడుపోని బీరువాలు. అవతల లెక్కల టీచర్ గొంతు గట్టిది. నా పిల్లల్లో ఒకడు మొన్న సామ్రాజ్యం ఎప్పుడు పతనమైందంటే ఎక్స్ విలువ చెప్పాడు. మొదటిరోజు మా హెడ్‌మాస్టరు పాత టైంటేబుల్ దుమ్ము దులిపి తెచ్చి, "మంగళవారం మూడో పీరియడ్ దగ్గర ఆగాం కదా, అక్కణ్ణుంచే మొదలెడదాం" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వు ఆగలేదు. కాసేపటికి చూస్తే లెక్కల టీచర్ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

ఇంకో సంగతి విను. యుద్ధాన్ని అప్పుడే పాఠంగా పెట్టాలట. పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి. నాలుగు పేజీలు మించకూడదు. కారణాలు ఒక పేజీ, గమనం రెండు పేజీలు, ఫలితాలు ఒక పేజీ. చివర పది మార్కుల ప్రశ్న ఒకటి, ఖాళీలు పూరించుము ఐదు. రాసే పని నాకు అప్పగించారు. ఈ జిల్లాలో బతికి ఉన్న చరిత్ర టీచర్లలో సీనియర్‌ని నేనేనట.

కారణాల పేజీ దగ్గరే చతికిలబడ్డాను. మనలో ఎవరమూ చూడని ఒక సముద్రపు ఇరుకులో ఏదో సరుకుల ఓడను ఎవరో ఆపారు. ఆపినందుకు ఎవరో కాల్చారు. కాల్చినవాడికి ఇద్దరు స్నేహితులు, దెబ్బతిన్నవాడికి ముగ్గురు. వారం తిరిగేసరికి అట్లాసులో యుద్ధపు రంగు పూయకుండా మిగిలిన దేశం లేదు. కానీ ఓడ ఒక్కటే కారణమైతే ఇంత మంట లేస్తుందా? ఎండుగడ్డి ఎన్నేళ్ళుగా పోగైందో, ఎవరెవరు పోగేశారో రాయాలి కదా. అందరూ అందరికీ ఆయుధాలు అమ్మారు. అందరూ టీవీల్లో అందర్నీ తిట్టారు. మనం ఆ తిట్లు చూస్తూ భోజనాలు చేశాం, పక్కింటివాళ్ళతో పోట్లాడాం, ఛానల్ మార్చుకున్నాం. ఇది రాస్తే పాఠంలో ఉంచరు. ఉంచినా పిల్లలకు ఎన్ని మార్కులు వేయాలో నాకు తెలియదు.

గమనం రెండు పేజీలు ఇంకా అన్యాయం. రెండేళ్ళు. మనుషులు లేకుండా ఎగిరే యంత్రాలు ఈగల్లా ముసిరి, నీళ్ళ పంపుల్నీ బేకరీనీ కూడా వదలకుండా వెతుక్కుని వచ్చి పడ్డాయి. మన ఊరి మీదికి వాటిని పంపే మీట ఎవరు నొక్కారో ఎవరికీ తెలియదు. వేల మైళ్ళ అవతల కుర్చీలో కూర్చుని నొక్కినవాడికీ మన ఊరి పేరు తెలిసి ఉండదు. పాత యుద్ధాల గురించి చెప్పేటప్పుడు తేదీలు గడగడా చెప్పేదాన్ని. ఈ యుద్ధంలో నాకు నిజంగా గుర్తున్న తేదీ ఒక్కటే. అది పాఠంలో రాసేది కాదు.

యుద్ధం మొదలైన వారంలో నేను క్లాసులో ఏమన్నానో తెలుసా? "పది రోజుల్లో సర్దుకుంటుంది పిల్లలూ. ఇంత పెద్ద దేశాలు చరిత్ర చదవకుండా ఉంటాయా?" అన్నాను. నలభై ఒక్కమంది నమ్మారు. నమ్మనిది ఒక్కతే. నువ్వు ఆస్పత్రి దళంతో వెళ్ళిపోతూ నా చేతిలో పెట్టిన నీ కూతురు.

ఇక నీ ఉత్తరంలో చివరి పేజీకి వస్తున్నాను. ఇంతసేపూ బూజులూ బీరువాలూ ఎందుకు రాశానో నీకు అర్థమయ్యే ఉంటుంది. నన్ను నువ్వు ఎరుగుదువు. చిన్నప్పుడు పలక పగలగొట్టిన రోజున ఇంటికొచ్చి ముందు అందరి ఆరోగ్యాలూ అడిగేదాన్ని.

నెలాఖరుకు సెలవు పెట్టి కొండ మీది శిబిరానికి వెళ్తానన్నావు. ఆ దారిలో మందుపాతరలు ఇంకా పూర్తిగా తీయలేదని నువ్వే రాశావు, పోయిన వారం ఒక లారీ పేలిందని కూడా రాశావు. అయినా వెళ్తానన్నావు. అక్కడ పదిహేనేళ్ళ పిల్ల ఒకతి ఉందట, మాట్లాడదట, పేరు చెప్పదట. బస్సెక్కిన పిల్లల జాబితాలో పదిహేడో పేరు మన తూనీగదేనని అధికారులు నీకు చూపించారట. కాబట్టి ఎక్కడో ఒకచోట ఉండితీరాలన్నావు. పడవల రేవు దగ్గర జనంలో తప్పిపోయినప్పుడు అది ఎక్కిన లారీ ఏ రంగుదో, దాని ఒంటి మీద ఏ బట్టలున్నాయో గుర్తు తెచ్చుకుని రాయమన్నావు.

వెళ్ళకు చెల్లీ. ఆ పిల్ల తూనీగ కాదు. రేవు దగ్గర అది ఏ లారీ ఎక్కలేదు. రేవు దాకా అసలు రానేలేదు. అది తప్పిపోయిందని పదకొండు నెలల కింద నేను రాసిన మాట పచ్చి అబద్ధం. నీకు చూపించిన జాబితా నా హాజరుపట్టీకి నకలు. అందులో పదిహేడో నంబరు ఎదురుగా ఉన్న టిక్కు నేను పెట్టింది, అది కూడా అబద్ధమే.

ఉన్నదున్నట్టు రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

ఊరు ఖాళీ చేయించడానికి ఆరు రోజుల ముందు నేను పరీక్ష పెట్టాను. సైరన్ల మధ్య కూడా పరీక్షలు పెట్టేవాళ్ళం, పిల్లల మనసు మళ్ళుతుందని. వందేళ్ళ కిందటి యుద్ధానికి కారణాలు వివరించమని పది మార్కుల ప్రశ్న. తూనీగ ఇలా రాసింది: "అప్పటి యుద్ధానికి కారణాలు పుస్తకంలో ఉన్నాయి, పేజీ యాభై రెండు. ఇప్పటి యుద్ధానికి కారణం నాకు తెలియదు. మా టీచర్‌కి కూడా తెలియదు. తెలిస్తే ముందే చెప్పి ఉండేది." నాకు ఒళ్ళు మండింది. సున్నా వేసి, దాన్ని నిలబెట్టి, ఆ జవాబు క్లాసంతటికీ చదివి వినిపించాను. అందరూ నవ్వారు.

"నేను రాసింది తప్పా పెద్దమ్మా?" అంది.

"ఇక్కడ పెద్దమ్మ లేదు, టీచర్ ఉంది. సరిగ్గా నిలబడు" అన్నాను.

"అయితే టీచర్‌తో నేను మాట్లాడను" అంది.

మాట్లాడలేదు. నీ కూతురి పంతం నీకు తెలియంది కాదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుసు. ఇంట్లో కూడా నాతో మాటల్లేవు. "భోజనం వద్దని మీ పెద్దకూతురికి చెప్పు అమ్మమ్మా" అని అరిచేది. అమ్మకు వినపడక "ఏ కూతురు? ఏం వద్దంది?" అని నన్నే అడిగేది. నేనూ తక్కువ తిన్నానా? "తినకపోతే పస్తుంటుందని నీ మనవరాలికి చెప్పు" అని అమ్మ చెవిలో అరిచేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఐదు రోజులూ ఇల్లు ఎంత సందడిగా ఉందో అనిపిస్తుంది.

క్లాసులో ఇంకో తమాషా. దాని పక్కన కూర్చునే పిల్ల ఒకతి ఉండేది, పద్దెనిమిదో నంబరు. ఎప్పుడూ తూనీగ వెనకే తిరిగేదని టీచర్లమంతా "తోక" అనేవాళ్ళం. హాజరు వేసేటప్పుడు నేను "పదిహేడు" అంటే తూనీగ మూతి బిగించుకుని కిటికీలోంచి చూసేది. తోక లేచి "ప్రెజెంట్ టీచర్. అది మీతో మాట్లాడదంట టీచర్" అనేది. క్లాసు గొల్లుమనేది. "పద్దెనిమిది" అంటే మళ్ళీ అదే గొంతు, "నేనూ ప్రెజెంటే టీచర్." మొదటిరోజు చురచుర చూశాను. రెండో రోజు నుంచి తలెత్తకుండా టిక్కు పెట్టడం అలవాటు చేసుకున్నాను. పదిహేడుకి పద్దెనిమిది పలకడం మా ముగ్గురి మధ్యా ఒక పద్ధతైపోయింది.

ఆరో రోజు పొద్దున పదిన్నరకి ఆగకుండా మోగే సైరన్ మోగింది, ఊరు వదిలి పొమ్మని దానర్థం. అమ్మను ముందురోజే మా వీధిలోని ముసలివాళ్ళతో పంపేశాం. నేను స్టాఫ్ రూములో కళ్ళద్దాలు తీసి బల్ల మీదున్న వాటి పెట్టెలో పెట్టి ముఖం కడుక్కుంటున్నాను. తడి ముఖంతోనే హాజరుపట్టీ చంకలో పెట్టుకుని రెండంతస్తులు దిగి పరిగెత్తాను. కింద రెండు బస్సులు నిలబడి ఉన్నాయి, మొదటిది మాది. అద్దాల్లేకపోతే నాకు చేతిలో ఉన్నది కనపడుతుంది, నాలుగడుగుల అవతలి ముఖం కనపడదు. పేపరు మీద నంబర్లు చూస్తూ, చెవులతో హాజరు వేశాను.

మా స్కూల్లో నియమం ఒకటుంది, యుద్ధం మొదలయ్యాక పెట్టుకున్నదే. లెక్కలో ఒక్కరు తక్కువైనా బస్సు కదలకూడదు, ఇద్దరు టీచర్లు వెనక్కి వెళ్ళి గదులన్నీ వెతకాలి. లెక్క సరిపోతే ఆ మాట గట్టిగా చెప్పాలి. అది విని పైనున్న అటెండరు మేడమెట్ల గ్రిల్లుకు తాళం వేసి వచ్చేయాలి, దొంగలు పడకుండా.

"పదిహేడు" అన్నాను.

"ప్రెజెంట్ టీచర్."

తోక గొంతు. నాకు తెలుసు చెల్లీ. తర్వాత తెలియడం కాదు, ఆ క్షణంలోనే తెలుసు. "అది మీతో మాట్లాడదంట" అన్న ముక్క ఆ రోజు లేదు. గొంతు వణికింది. అదీ గమనించాను. ఊరు తగలబడుతున్నా పంతం వదలదే ఈ పిల్ల అనుకున్నాను. తలెత్తి, పేరు పెట్టి ఒక్క పిలుపు పిలిస్తే సరిపోయేది. ముందుగా నేనెందుకు పిలవాలి అనిపించింది. ఇంత మనిషిని, తల నెరిసినదాన్ని, పదమూడేళ్ళ పిల్లతో పంతానికి పోయాను. టిక్కు పెట్టాను. నలభై రెండు దాకా వేసి, "తొమ్మిదో తరగతి, లెక్క సరిపోయింది" అని నేనే అరిచాను.

మూడు గంటల తర్వాత రేవు దగ్గర బస్సు దింపి పిల్లలకు రొట్టె పొట్లాలు పంచారు. నా పట్టీ చూసి లెక్కపెట్టి నలభై రెండు ఇచ్చారు. ఒక పొట్లం మిగిలింది. నేను దాన్ని చేతిలో పట్టుకుని, ఇంకా పంతం చేస్తోందా, తినను పొమ్మందా అని చూస్తున్నాను. తోక వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అది రెండో బస్సులో వస్తానంది టీచర్. మీ కళ్ళద్దాలు పైన మరిచిపోయారని తేవడానికి వెళ్ళింది. మీకు చెప్పొద్దంది. ఒక్క నిమిషంలో వస్తాను, నా హాజరు చెప్పమంది."

రెండో బస్సు వచ్చింది. అందులో లేదు. నేను వెనక్కి వెళ్తానని ఏడ్చాను, సైనికుల కాళ్ళు పట్టుకున్నాను. దారి మూసేశారు. స్కూలు మీద పడిందన్న కబురు సాయంత్రానికి రేవు దాకా వచ్చేసింది.

నాకప్పటినుంచీ దిమ్మ తిరిగే ఉంది. రెండేళ్ళు కావస్తోంది, ఇంకా తేరుకోలేదు. చెయ్యి తన పని తను చేసుకుపోతుంది, పాఠం చెబుతుంది, అమ్మకు చుక్కల మందు వేస్తుంది. లోపల నేను ఇంకా ఆ పొట్లం పట్టుకునే నిలబడి ఉన్నాను.

నీకు అబద్ధం ఎందుకు రాశానంటే, మొదట్లో నాకే ఆశ ఉండేది. గోడ దూకి ఉంటుంది, ఎవరో ఎక్కించుకుని ఉంటారు, నీ కూతురు చురుకైంది కదా అనుకున్నాను. పోస్టు మళ్ళీ మొదలై నీకు మొదటి ఉత్తరం రాసేనాటికి ఆశ లేదు, భయమే ఉంది. రేవు దగ్గర తప్పిపోయిందంటే అది యుద్ధం చేసిన పని అవుతుంది. నిజం రాస్తే నేను చేసిన పని అవుతుంది. అందుకని రాయలేదు. నువ్వు నాలుగు శిబిరాలు తిరిగావు. ప్రతిచోటి నుంచీ ఇక్కడ లేదక్కా అని రాశావు. ప్రతిసారీ ధైర్యంగా ఉండమని నేను జవాబు రాశాను. ఏ మొహంతో రాశానో నాకే తెలియదు.

పోయిన నెల యంత్రాలు తెచ్చి స్కూలు శిథిలాలు తీశారు. మెట్ల దగ్గర, గ్రిల్లుకు లోపలివైపు ఉంది. గౌను జేబులో నా కళ్ళద్దాల పెట్టె ఉంది. మూత లోపల నా పేరు, స్కూలు పేరు రాసి నేనే అంటించుకున్న చీటీ చెక్కుచెదరలేదు. దాన్ని బట్టే గుర్తుపట్టారు. అద్దాలు పగల్లేదు. నీకెలా చెప్పను, ఆ అద్దాలు పగల్లేదు.

అటెండరు బతికే ఉన్నాడు. శిథిలాలు తీసిన రోజు నా పక్కనే నిలబడ్డాడు. "తాళం వేసి దిగుతుంటే ఎవరో పిలిచినట్టే అనిపించింది మేడం. లెక్క సరిపోయిందని మీరన్నారు కదా, సైరనేమో అనుకున్నా" అన్నాడు. ఆయన్నేమీ అనలేదు. ఏమనను? నా మాట నమ్మాడు.

తూనీగను నీ కోసం ఉంచాను. మున్సిపాలిటీవాళ్ళు పెట్టెలో పెట్టి సీలు వేశారు. తల్లి వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని రాసిచ్చాను. హెడ్‌మాస్టరు దగ్గరికి, విచారణ సంఘం దగ్గరికి వెళ్ళి, పిల్ల లేకుండానే హాజరు వేశానని సంతకం పెట్టి ఇచ్చాను. వాళ్ళు తల దించుకుని, యుద్ధంలో ఇలాంటివి ఎన్నో అన్నారు. నన్ను ఓదార్చబోయినవాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. అమ్మకు మాత్రం ఇంకా చెప్పలేదు. నువ్వు వస్తే ఇద్దరం కలిసి చెబుదాం. రాను, నీ మొహం చూడనంటే నేనొక్కదాన్నే చెబుతాను.

విచారణ సంఘానికిచ్చిన ఆ కాగితంలో తోక సంగతి రాయలేదు. రాయను. ఎందుకో నీకు చెప్పాలి. వాళ్ళ వీధి మొత్తం పోయింది, అమ్మా నాన్నా తమ్ముడూ ఎవరూ మిగల్లేదు. రేవు నుంచి తిరిగొచ్చాక మా ఇంట్లోనే ఉంటోంది. తూనీగను సైనికుల లారీ ఎక్కించుకుపోయిందని దానికీ నేను అబద్ధమే చెప్పాను. నమ్మింది. నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ దొరికిందా టీచర్ అని అడిగేది. కళ్ళద్దాల పెట్టె బయటికి తీసినప్పుడు తోక అక్కడే ఉంది, పిల్లలందరితో కలిసి ఇటుకలు మోస్తోంది. మూడు రోజులు తిండి ముట్టలేదు. నాలుగో రోజున వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ప్రెజెంట్ అని చెప్పింది నేనే కదా టీచర్?"

"నువ్వు చెప్పావు. వేసింది నేను. నీ గొంతని తెలిసే వేశాను" అన్నాను. దాని మీద నుంచి ఆ బరువు తీయాలని అన్నాను.

"తెలిస్తే ఎందుకు వెతకలేదు టీచర్?" అంది.

ఇరవై ఆరేళ్ళుగా ప్రశ్నలు అడిగినదాన్ని. నువ్వు కూడా అదే అడుగుతావు. నీకూ నా దగ్గర జవాబు లేదు. తిట్టు, ఈ ఉత్తరం చింపి పొయ్యిలో వెయ్యి, జన్మలో నాకు ఒక్క ముక్క రాయకు. అన్నిటికీ సిద్ధపడే రాస్తున్నాను. కానీ నిన్ను ఒకటి బతిమాలుకుంటున్నాను.

పోస్టులో వేస్తే ఈ ఉత్తరం నువ్వు బయలుదేరేలోపు చేరదు. తల్లిదండ్రుల్లేని పిల్లల్ని మీ ఊరి వసతిగృహానికి తీసుకెళ్ళే రైలు సోమవారం ఉంది. అందులో నర్సులు తోడుంటారు. తోక వెళ్తానంది. వద్దన్నాను, మన దగ్గరే ఉండమన్నాను. "తూనీగ వాళ్ళమ్మకి నేనే చెప్పాలి టీచర్. మీరు రాసినా సరే, నేను ఎదురుగా ఉండాలి" అంది. దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. నువ్వు పూర్తిగా చదివేదాకా నోరు విప్పొద్దని మాత్రం మాట తీసుకున్నాను.

నీకు ఈ కవరు ఇచ్చిన పిల్ల అదే. ఇప్పుడు నీ వార్డు గుమ్మంలో చేతులు కట్టుకుని, నీ ముఖంకేసి చూస్తూ నిలబడి ఉంటుంది. పొద్దుటి నుంచి ఏమీ తిని ఉండదు. నీకు ఎంత కోపం వచ్చినా, గుండె పగిలినా, అది నాది, నాకు పంపు. తల ఎత్తి దాన్ని చూడు. పేరేంటమ్మా అని అడుగు. తోక అని మేం పెట్టింది కాదు, అసలు పేరు. అది చెప్పాక, లోపలికి రమ్మను.

ఇట్లు,
నువ్వు కాదన్నా నీ తోడబుట్టినదే అయిన
అక్క